రెండేళ్లు, మూడు దేశాలు: ఇంతకీ చేతికొచ్చేది ఎన్ని డిగ్రీలు?

ప్రశ్న: మాది చిత్తూరు, గ్రీమ్స్‌పేట. ఆర్టీసీలో చేసి రిటైరయినాను. మా పాప తిరుపతి దగ్గర ఒక కాలేజీలో ఈసీఈ చదివింది, సీజీపీఏ 8.1. ఇప్పుడు ఎరాస్మస్ ముండస్ అని యూరప్ వాళ్ల స్కాలర్‌షిప్పుతో ఎమ్మెస్ సీటొచ్చింది. మొదటి ఏడాది ఫ్రాన్సు, మూడో సెమిస్టర్ ఇటలీ, ఆఖరి సెమిస్టర్ థీసిస్‌కి జర్మనీ అంట. పది రోజుల్లో ఒప్పుకున్నట్టు జవాబివ్వాలి. తిరుపతిలో ఒక కన్సల్టెన్సీ ఆయన్ని అడిగితే "మూడు దేశాల నుంచి మూడు డిగ్రీలొస్తాయి సార్" అన్నాడు. మా తమ్ముడేమో "ఏ ఒక్క యూనివర్సిటీదీ కాని డిగ్రీ అది, ఇక్కడ చెల్లదు" అంటాడు. పాప రేపు తిరిగొచ్చి ఇంజినీరింగ్ కాలేజీలో లెక్చరర్‌గా చేరాలనుకుంటే పనికొస్తుందా? మార్కులు ఎట్ల లెక్కేస్తారు? మా బావమరిది కొడుక్కి జర్మనీలో 1.7 వచ్చిందంటే ఊళ్లో "పదికా?" అని అడిగినారు. మా పాపకూ అదే గతా?
– ఒక తండ్రి, చిత్తూరు

జవాబు: అయ్యా, ముందు పాపకు నా ఆశీస్సులు చెప్పండి. ఆ స్కాలర్‌షిప్పు ఊరికే వచ్చేది కాదు. ఒక్కో కోర్సులో ఒకే దేశం వాళ్లకు మొత్తం స్కాలర్‌షిప్పుల్లో పదోవంతుకు మించి ఇవ్వకూడదని నియమం ఉంది. మన దేశం నుంచి అప్లై చేసేవాళ్లు ఎంతమందో మీకు తెలుసు. వాళ్లందరినీ దాటుకుని వచ్చింది. నెలకు 1,400 యూరోల చొప్పున గరిష్ఠంగా 24 నెలలు ఇస్తారు, ఫీజు కట్టే పని లేదు. విమానం టికెట్టు, వీసా, అద్దె, తిండి అన్నీ ఆ డబ్బులోనే సర్దుకోవాలి.

ఇక డిగ్రీల లెక్క. మీ తమ్ముడు చెప్పిందీ తప్పే, కన్సల్టెన్సీ ఆయన చెప్పిందీ తప్పే అయ్యే అవకాశం ఎక్కువ.

ఎరాస్మస్ ముండస్ అనేది యూనివర్సిటీ కాదు. యూరోపియన్ యూనియన్ 2004లో మొదలుపెట్టిన పథకం. యూనియన్ డబ్బిస్తుంది, కోర్సును ఎంపిక చేస్తుంది, అంతవరకే. డిగ్రీ ఇచ్చేది మాత్రం యూనివర్సిటీలే. కనీసం మూడు దేశాల నుంచి మూడు యూనివర్సిటీలు కలిసి కన్సార్టియంగా ఏర్పడి, సిలబస్, అడ్మిషన్, పరీక్షలు, పట్టా అన్నింటి మీదా ముందే ఒప్పందం రాసుకుంటాయి. మీకు కావలసిన జవాబు ఆ ఒప్పందంలో ఉంటుంది గానీ కన్సల్టెన్సీ ఆయన బ్రోచర్‌లో ఉండదు.

పట్టా ఇచ్చే పద్ధతులు ముఖ్యంగా రెండు. మొదటిది జాయింట్ డిగ్రీ. కాగితం ఒక్కటే. ఉమ్మడి ఆస్తి దస్తావేజు మీద అన్నదమ్ములందరూ సంతకాలు పెట్టినట్టు, దాని మీద ఆ యూనివర్సిటీల ముద్రలన్నీ, వాటి అధిపతుల సంతకాలన్నీ ఉంటాయి. ఏ దేశంలో అది ఏ డిగ్రీ కిందికి వస్తుందో ఆ పేరు కూడా దాని మీదే రాస్తారు: ఇటలీకి లౌరియా మజిస్ట్రాలే, ఫ్రాన్సుకు మాస్టర్, జర్మనీకి మాస్టర్ ఆఫ్ సైన్స్, ఇలాగ. రెండోది డబుల్ లేదా మల్టిపుల్ డిగ్రీ. అక్కడ ఎవరి కాగితం వాళ్లు విడిగా ఇస్తారు. ఒకే కోర్సుకు రెండు మూడు ఓడీలు, అంటే ఒరిజినల్ డిగ్రీ పట్టాలు, చేతికొస్తాయి. ఈ తేడా ఎందుకంటే చట్టాల వల్ల. వేరే దేశం యూనివర్సిటీతో కలిసి ఒకే కాగితం మీద సంతకం పెట్టడానికి కొన్ని దేశాల చట్టాలు చాలాకాలం ఒప్పుకోలేదు, ఒప్పుకున్నచోటా షరతులు పెట్టాయి. అందుకని కన్సార్టియంలు తమకు ఏది వీలైతే అది ఎంచుకున్నాయి.

ఇందులో తల్లిదండ్రులు గమనించని మెలిక ఒకటుంది. కన్సార్టియంలో పేరున్న ప్రతి యూనివర్సిటీ ప్రతి విద్యార్థికీ డిగ్రీ ఇవ్వదు. ఏ విద్యార్థి ఎక్కడెక్కడ చదివితే, ఎక్కడ ఎన్ని క్రెడిట్లు సంపాదిస్తే, దాన్ని బట్టే ఇస్తారు. మీ పాప ఫ్రాన్సులో ఏడాది, ఇటలీలో ఒక సెమిస్టర్ చదువుతుంది కాబట్టి ఆ రెండు చోట్ల నుంచీ డిగ్రీ రావడానికి అవకాశం బాగానే ఉంది. జర్మనీలో థీసిస్ మాత్రమే చేస్తుంది. ఆ యూనివర్సిటీ డిగ్రీ ఇచ్చే భాగస్వామి కావచ్చు, లేదా గైడునూ ల్యాబ్‌నూ ఇచ్చి అంతటితో తప్పుకునే అసోసియేటెడ్ పార్ట్‌నర్ కావచ్చు. అసోసియేటెడ్ పార్ట్‌నర్ డిగ్రీ ఇవ్వదు. వెబ్‌సైట్‌లో లోగోలన్నీ ఒకే వరుసలో ఉంటాయి కాబట్టి చూసేవాళ్లకు తేడా తెలియదు. మూడు డిగ్రీలన్న మాట ఆ లోగోల్ని లెక్కపెట్టి చెప్పిందే అయ్యుండాలి.

ఒకవేళ మూడు ఓడీలే వచ్చాయనుకుందాం. అయినా పాప చదివింది మూడు పీజీలు కాదు, 120 క్రెడిట్ల పీజీ ఒక్కటే. ఉద్యోగం అప్లికేషన్లో దాన్ని రెండు వరుసల్లోనో మూడు వరుసల్లోనో వేరువేరు పీజీలుగా నింపవద్దని గట్టిగా చెప్పండి. ఒకే తేదీల మధ్య రెండు రెగ్యులర్ డిగ్రీలు కనబడితే సర్టిఫికెట్ వెరిఫికేషన్‌లో కూర్చున్నవాళ్లకు అనుమానం రాక ఏం చేస్తుంది?

గుర్తింపు సంగతికి వద్దాం. యూరోపియన్ యూనియన్ డబ్బిచ్చింది కదా, అదే గుర్తింపు అనుకోకూడదు. అక్రిడిటేషన్, అంటే నాణ్యత తనిఖీ చేసి ఇచ్చే గుర్తింపు, ఆయా దేశాల వ్యవస్థలే ఇస్తాయి. ఇదివరకు మూడు దేశాల కోర్సయితే మూడు చోట్లా వేరువేరు తనిఖీలు జరిగేవి, ఒకరి నిబంధన ఇంకొకరికి అడ్డొచ్చేది. ఈ గొడవ తగ్గించడానికి 2015లో ఆర్మేనియా రాజధాని యెరెవాన్‌లో యూరప్ విద్యాశాఖ మంత్రులు సమావేశమై ఉమ్మడి కోర్సులకు ఒకే తనిఖీ సరిపోయే పద్ధతిని ఆమోదించారు. యూరోపియన్ అప్రోచ్ అంటారు దాన్ని. ఈక్వార్ అనే యూరప్ రిజిస్టరులో పేరున్న ఏజెన్సీ ఏదైనా ఒక్కసారి కోర్సును మొత్తంగా పరిశీలిస్తే చాలు. అయితే దాన్ని అన్ని దేశాలూ పూర్తిగా అమలు చేయలేదు. అందువల్ల ఇప్పటికీ కొన్ని కోర్సులకు ఒకే ఉమ్మడి నివేదిక ఉంటుంది, కొన్నింటికి దేశానికొకటి ఉంటుంది. యూనివర్సిటీ మొత్తానికి గుర్తింపు ఉంటే కోర్సుకు విడిగా అక్కర్లేదనే దేశాలూ ఉన్నాయి. ఈక్వార్ వాళ్లది డెకార్ అని ఒక డేటాబేస్ ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉంది. పాపను కూర్చోబెట్టి అందులో యూనివర్సిటీ పేర్లు కొట్టి చూడమనండి. అర్ధగంట పని.

మార్కుల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం. జనాన్ని తికమక పెట్టేది ఇదే.

మీ బావమరిది కొడుకు సంగతి ముందు తేల్చేస్తాను. జర్మనీలో 1.0 అంటే అత్యుత్తమం, 4.0 అంటే బొటాబొటీ పాస్, 5.0 ఫెయిల్. అక్కడ అంకె ఎంత తగ్గితే అంత గొప్ప. 1.7 చాలా మంచి గ్రేడు, ఊళ్లోవాళ్లకు మీరే చెప్పండి. ఇటలీలో ఒక్కో సబ్జెక్టుకు 30కి వేస్తారు, 18 వస్తే పాస్. చివరికి డిగ్రీ మొత్తానికి 110కి గ్రేడు ఇస్తారు. సబ్జెక్టుల సగటు 27 వచ్చిందనుకోండి, దాన్ని 110కి మారిస్తే 99 అవుతుంది. దానికి థీసిస్‌కు కొన్ని పాయింట్లు కలుపుతారు, ఎన్ని కలపాలన్నది ఆ డిపార్ట్‌మెంటు ఇష్టం. 110 దాటి ప్రతిభ చూపిస్తే ఎ లోదే అని పక్కన గౌరవంగా రాస్తారు. ఫ్రాన్సులో 20కి మార్కులు, 10 పాస్. 12 దాటితే ఒక హోదా, 14 దాటితే ఇంకోటి, 16 దాటితే అన్నిటికన్నా పైది. అక్కడ 16 అంటే క్లాసులో కొద్దిమందికే వచ్చేది. డెన్మార్కులో అయితే మైనస్ 3 నుంచి 12 దాకా ఏడే ఏడు గ్రేడులు, 02 వస్తే పాస్. మైనస్ మార్కు వేసే మాస్టార్లు మన దగ్గరే ఉన్నారనుకున్నాను నేను.

ఫ్రాన్సులో పాపకు 14 వచ్చిందనుకుందాం. మనవాళ్ల లెక్కన 70 శాతం. ఇక్కడ చూసేవాళ్లకు అదేమంత గొప్పగా అనిపించదు. అక్కడ మాత్రం అది మంచి హోదా. అదే పాపకు ఇటలీలో 28 వస్తే 93 శాతం అయిపోతుంది. ఆర్నెల్లలో పాప తెలివి 23 శాతం పెరిగిపోయిందా? మాస్టార్లు మార్కులేసే అలవాటు మారింది, అంతే. అందుకే ఉమ్మడి కోర్సుల్లో నేరుగా త్రైరాశికం వేసి మార్చడం తప్పు. యూరప్ క్రెడిట్ పద్ధతిని ఈసీటీఎస్ అంటారు. దానికి 2015లో వచ్చిన మార్గదర్శిని ప్రకారం, ప్రతి యూనివర్సిటీ తమ దగ్గర పాసైనవాళ్లలో ఎంతమందికి ఏ గ్రేడు వచ్చిందో ఒక పట్టిక తయారుచేసుకోవాలి. రెండు పట్టికలు పక్కపక్కన పెట్టి, ఇక్కడ పై పదిశాతం మందికి వచ్చిన గ్రేడు అక్కడ పై పదిశాతం మందికి వచ్చిన గ్రేడుకు సమానం అని చూస్తారు. పాప ఎన్నో స్థానంలో ఉందన్నదే లెక్క, ఎన్ని మార్కులన్నది కాదు. అంతకుముందు ఏ నుంచి ఈ దాకా అక్షరాల స్కేలు ఒకటి ఉండేది, ఆచరణలో సరిగా నడవక దాన్ని వదిలేశారు. అయినా కొన్ని కన్సార్టియంలు తమ సొంత మార్పిడి పట్టికనే వాడుతున్నాయి. అందులో తప్పు లేదు, ఆ పట్టిక విద్యార్థికి ముందుగా ఇస్తే చాలు.

క్రెడిట్ల మాట కూడా. ఈసీటీఎస్‌లో ఏడాదికి 60 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటల చదువు. అందులో క్లాసుతో పాటు ఇంట్లో చదివేది, ల్యాబు, పరీక్షకు తయారీ అన్నీ కలిసే ఉంటాయి. మన జాతీయ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్‌లో ఏడాదికి 1,200 గంటలు, 40 క్రెడిట్లు. కాబట్టి "అక్కడ 120 క్రెడిట్లు చేసింది, ఇక్కడివాళ్లు 80 చేస్తే సరిపోతుంది" అని గొప్పలు పోవక్కర్లేదు, అదేదో తగ్గిందని కంగారూ వద్దు. రెండేళ్ల చదువుకు రెండేళ్ల చదువు.

మార్కుల్ని శాతంలోకి మార్చి ఇవ్వమని ఇక్కడ ఎవరైనా అడిగితే సొంతంగా లెక్క వేసి రాయవద్దు. బవేరియన్ ఫార్ములా అని ఇంటర్నెట్‌లో ఒకటి తిరుగుతూ ఉంటుంది. అది బయటి దేశాల మార్కుల్ని జర్మనీ గ్రేడులోకి మార్చడానికి పెట్టుకున్నది, జర్మనీ గ్రేడును మన శాతంలోకి తిప్పడానికి కాదు. పైగా కనీస పాస్ ఎంతని వేస్తామో దాన్ని బట్టి జవాబు మారిపోతుంది. మీ పాప 8.1నే తీసుకోండి. పాస్‌కు 4 పాయింట్లు అని వేస్తే 1.95 వస్తుంది, 5 అని వేస్తే 2.14 వస్తుంది. మనిషీ మారలేదు, మార్కులూ మారలేదు. అప్లికేషన్లో అసలు గ్రేడు, దాని స్కేలు, పాస్ మార్కు మూడూ రాసి, కన్సార్టియం ఇచ్చిన మార్పిడి పట్టిక జతచేయడమే మంచిది.

ఇక్కడే డిప్లొమా సప్లిమెంట్ అనే కాగితం విలువ తెలుస్తుంది. యూరప్‌లో పట్టాతో పాటు దాన్ని ఇస్తారు, ఎనిమిది భాగాలుగా ఉంటుంది. డిగ్రీ స్థాయి ఏమిటి, ఏ సబ్జెక్టులు చదివింది, ఎక్కడ ఎన్ని క్రెడిట్లు, మార్కులేసే పద్ధతి ఏమిటి, ఆ దేశ విద్యావ్యవస్థ ఎలా ఉంటుంది అన్నీ అందులో రాసి ఉంటాయి. మన సీఎంఎం (అన్ని సెమిస్టర్ల మార్కులూ కలిపి ఇచ్చే మెమో) కన్నా చాలా వివరంగా ఉంటుంది. పట్టా కన్నా ఇదే ఎక్కువ పనికొస్తుందని నా అభిప్రాయం.

ఇక ఇండియాలో చెల్లుబాటు. ప్రైవేటు కంపెనీకి, విదేశీ డిగ్రీ ఇక్కడి డిగ్రీకి సమానమని చెప్పే ఈక్వివలెన్స్ సర్టిఫికెట్‌తో సాధారణంగా పని ఉండదు. వాళ్ల వెరిఫికేషన్ ఏజెన్సీ యూనివర్సిటీకి మెయిల్ పెట్టి సరిచూసుకుంటుంది. ప్రభుత్వ ఉద్యోగానికి, ఇక్కడ పీహెచ్‌డీకి, లెక్చరర్ పోస్టుకు అడుగుతారు. ఇన్నేళ్లూ ఆ పని ఎక్కువగా అసోసియేషన్ ఆఫ్ ఇండియన్ యూనివర్సిటీస్ ద్వారా జరిగేది. 2025 ఏప్రిల్‌లో యూజీసీ విదేశీ డిగ్రీల గుర్తింపు, సమానత్వం కోసం ప్రత్యేక నియమావళి తెచ్చింది, ఇప్పుడు యూజీసీకే దరఖాస్తు పెట్టుకోవాలి. డిగ్రీ ఇచ్చిన సంస్థకు సొంత దేశంలో గుర్తింపు ఉందా, చదువు రెగ్యులర్‌గా సాగిందా, చేరేటప్పటి అర్హత ఇక్కడి కోర్సుకు తగ్గట్టుగా ఉందా అని చూస్తారు. ఫ్రాంచైజీ పద్ధతిలో నడిచే కోర్సులకు ఇవ్వరు. మీ పాప నాలుగేళ్ల బీటెక్ మీద రెండేళ్లు రెగ్యులర్‌గా చదువుతుంది కాబట్టి ఇబ్బంది రాకూడదు. పైగా విద్యార్హతల పరస్పర గుర్తింపు మీద 2018లో మన దేశానికీ ఫ్రాన్సుకూ ఒప్పందం కుదిరింది. "చెల్లదు" అన్న మీ తమ్ముడికి ఈ పేరా చదివి వినిపించండి.

లెక్చరర్ పోస్టుకు అసలు చూసుకోవలసింది వేరే ఉంది. ఇంజినీరింగ్ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు సాంకేతిక విద్యాసంస్థల్ని నియంత్రించే ఏఐసీటీఈ 2019 నిబంధనల ప్రకారం సంబంధిత బ్రాంచిలో బీటెక్, ఎంటెక్ లేదా ఎమ్మెస్ ఉండాలి, ఈ రెంటిలో ఏదో ఒకదానిలో ఫస్ట్ క్లాస్ ఉంటే చాలు. పాప బీటెక్‌లో 8.1 తెచ్చుకుంది. కాబట్టి ఫ్రాన్సులో 13 వచ్చిందా 14 వచ్చిందా అని మీరు నిద్ర మానుకోనక్కర్లేదు. చిక్కల్లా సంబంధిత బ్రాంచి అన్న మాట దగ్గర. ఎరాస్మస్ కోర్సులకు తరచుగా రెండు మూడు శాస్త్రాలు కలిపిన పొడుగాటి పేర్లు ఉంటాయి. పట్టా మీద ఆ పేరే పడితే ఇక్కడ సెలెక్షన్ కమిటీ "ఇది ఈసీఈనా, కాదా?" అని కూర్చుంటుంది. పట్టా మీద కచ్చితంగా ఏ పేరు పడుతుందో, డిప్లొమా సప్లిమెంట్‌లో ఎలక్ట్రానిక్స్ సబ్జెక్టులు ఎన్ని కనిపిస్తాయో ఇప్పుడే చూసుకోవాలి. ఆప్షనల్స్ ఎంచుకునేటప్పుడు పాప దీన్ని మనసులో పెట్టుకుంటే మేలు.

పక్కదారి మాట ఒకటి. మన దగ్గర కొన్ని కాలేజీలు కూడా విదేశీ జాయింట్ డిగ్రీ అని హోర్డింగులు పెడుతున్నాయి. అది వేరే సంగతి. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం ఇక్కడి సంస్థకు న్యాక్ (కాలేజీల నాణ్యతను తనిఖీ చేసే సంస్థ) స్కోరు కనీసం 3.01 గానీ, ఎన్‌ఐఆర్‌ఎఫ్ (కేంద్ర ప్రభుత్వ ర్యాంకుల జాబితా) యూనివర్సిటీల్లో మొదటి వందలో చోటు గానీ, ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఎమినెన్స్ హోదా గానీ ఉంటే అనుమతి దానంతటదే వస్తుంది. అవతలి యూనివర్సిటీ క్యూఎస్ లేదా టైమ్స్ ప్రపంచ ర్యాంకుల్లో మొదటి వెయ్యిలో ఉండాలి. జాయింట్ డిగ్రీలో రెండు చోట్లా కనీసం 30 శాతం చొప్పున క్రెడిట్లు చేయాలి. ఎడ్‌టెక్ కంపెనీలతో కలిసి అమ్మే విదేశీ డిగ్రీలకు గుర్తింపు లేదని 2023 డిసెంబరులో యూజీసీ హెచ్చరించింది కూడా. మీ బంధువుల్లో ఎవరైనా అలాంటి దానికి డబ్బు కట్టబోతుంటే ఈ మాట చేరవేయండి.

బయల్దేరే ముందు పేరు సరిచేసుకోండి. మనవాళ్లకు ఇక్కడే పీకల మీదికి వస్తుంది. టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, బీటెక్ ఓడీలో పూర్తిగా ఉంటుంది, పాస్‌పోర్టులో మొత్తం పేరు ఒకే గడిలో పడి సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటుంది. ఫ్రాన్సు వాళ్లు ఒకలా, ఇటలీ వాళ్లు ఇంకొకలా ఎక్కించుకుంటే, జాయింట్ పట్టా అచ్చయ్యేనాటికి ఎవరి పేరు ఎవరిదో తెలియదు. పాస్‌పోర్టులో ఉన్నదే అన్ని చోట్లా రాయమనండి. సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటే వీసాకు వెళ్లకముందే పాస్‌పోర్టు మార్పించుకోవడం నయం. బీటెక్ ఓడీ ఇంకా తీసుకోకపోతే ప్రొవిజనల్‌తో సరిపెట్టుకోకుండా యూనివర్సిటీకి అప్లై చేసి తెప్పించుకోండి. దాన్ని లామినేషన్ చేయించకండి, విదేశాల్లో చెల్లడానికి మన విదేశాంగ శాఖ ధ్రువీకరించి వేసే అపోస్టిల్ స్టిక్కరు కాగితం మీదే అతికించాలి.

పట్టా వెంటనే రాదన్నది కూడా తెలిసి ఉండాలి. సంతకాలు మూడు దేశాలు తిరిగి రావాలి కాబట్టి కోర్సు అయ్యాక నెలలు పట్టవచ్చు. అప్పటిదాకా డిగ్రీ పూర్తయిందని ధ్రువపత్రం ఇస్తారు. ఉద్యోగానికి, పీహెచ్‌డీ అప్లికేషన్‌కు చాలాచోట్ల అది చాలు.

గడువు పది రోజులే కాబట్టి పాపచేత ఈ రోజే కోఆర్డినేటర్‌కు మెయిల్ పెట్టించండి. ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు చాలు: ఫ్రాన్సు, ఇటలీ, జర్మనీ మార్గంలో వెళ్తే డిగ్రీ ఇచ్చే యూనివర్సిటీలు ఏవి, జాయింటా, మల్టిపులా? పోయిన బ్యాచ్ పట్టా, డిప్లొమా సప్లిమెంట్ నమూనాలు పంపగలరా? మార్కుల మార్పిడి పట్టిక ఎక్కడుంది? ఒక చోట సబ్జెక్టు పోతే మిగతా డిగ్రీల సంగతేమిటి? ఈ నాలుగో ప్రశ్న మొహమాటపడి వదిలేస్తారు, వదలొద్దు. ఒక్కో చోట కనీసం ఇన్ని క్రెడిట్లు రావాలని ఉంటుంది, అవి తగ్గితే ఆ యూనివర్సిటీ డిగ్రీ పోవచ్చు. గడువు దాటి చదివితే ఆ నెలలకు స్కాలర్‌షిప్పు రాదు. కోర్సులో చేరేటప్పుడు సంతకం పెట్టే స్టూడెంట్ అగ్రిమెంట్‌లో ఇవన్నీ ఉంటాయి, దాన్ని కూడా ముందే అడిగి తెప్పించుకోవచ్చు.

కోఆర్డినేటర్లు రోజూ ఇలాంటి మెయిళ్లకే జవాబులిస్తుంటారు, ఏమనుకుంటారోనన్న భయం వద్దు. రెండు మూడు రోజుల్లో రాకపోతే మళ్లీ ఒకటి పెట్టించండి. అప్పటికీ రాకపోయినా సీటు మాత్రం వదులుకోవద్దు. గడువులోగా ఒప్పుకుని, తర్వాత అడగొచ్చు. కన్సల్టెన్సీ ఆయనకు ఇంకేమైనా ఫీజు కట్టమంటే మాత్రం కట్టకండి, సీటు పాప సొంతంగా తెచ్చుకుంది.